సీజన్ మీద సీజన్ చూస్తున్నాం సరే, ఆడేదెప్పుడు?

ఈ పది పన్నెండేళ్ళలో మనకి చూడ్డానికి ఎన్ని కొత్త లీగులు వచ్చాయో ఒకసారి లెక్కేసుకోండి. 2014లో ప్రో కబడ్డీ, 2022లో ప్రైమ్ వాలీబాల్, అదే ఏడాది అల్టిమేట్ ఖోఖో, 2024లో టెన్నిస్ బంతితో ఆడే స్ట్రీట్ ప్రీమియర్ లీగ్, వీటన్నిటికంటే ముందే బ్యాడ్మింటన్ లీగ్ ఒకటి వచ్చింది పోయింది కూడా, ఇప్పుడు పికిల్‌బాల్ వంతు. ప్రతి దాంట్లో మనకో టీమ్ ఉంటుంది, టైటాన్స్ అనో యోధాస్ అనో బ్లాక్ హాక్స్ అనో ఫాల్కన్ రైజర్స్ అనో ఒక పేరు, ఆ పేరుకి ముందో వెనకో తెలుగు అనో హైదరాబాద్ అనో తగిలిస్తారు, కుదిరితే ఒక సినిమా హీరో ఓనర్‌గా వచ్చి జెర్సీ పట్టుకుని ఫోటో దిగుతాడు. నేను దాదాపు అన్నీ చూశాను, టీవీలో చూశాను, కొన్ని గచ్చిబౌలిలో టికెట్ కొనుక్కుని మరీ చూశాను. కాబట్టి ఇది లీగులంటే పడని పెద్దమనిషి గొణుగుడు కాదు.

నేను అడిగేది ఒక్కటే. మ్యాచ్ చూసినవాడికి మర్నాడు సాయంత్రం ఆ ఆట ఆడాలనిపించాలి, అనిపిస్తే ఆడటానికి దగ్గర్లో చోటు దొరకాలి, దొరికిన చోట కనీసం అరగంట నవ్వుల పాలు కాకుండా ఆడగలగాలి. ఈ మూడూ కుదిరితే ఆ ఆట నిలబడుతుంది, లీగు ఉన్నా లేకపోయినా. కుదరకపోతే మాత్రం టీఆర్‌పీ ఎంత వచ్చినా అది ఇంకో సీరియల్, అంతే, రాత్రి ఎనిమిదింటికి మొదలై పదింటికి అయిపోతుంది, మన ఒంటికి చెమట పట్టదు.

కబడ్డీ సంగతే చూడండి. చూసే ఆటగా దాన్ని మార్చిన తీరుకి మాత్రం దండం పెట్టాలి. 1990 బీజింగ్ ఏషియన్ గేమ్స్ నుంచి 2014 దాకా ప్రతిసారీ మగవాళ్ళ గోల్డ్ మనదే, అయినా ఆ మ్యాచ్‌లు ఎవరు చూశారు చెప్పండి, పేపర్లో చివరి పేజీలో మూడు లైన్లు వచ్చేది. అసలు చిక్కు ఏంటంటే కూత ఆగిందా లేదా, ఊపిరి తీసుకున్నాడా లేదా అన్నది ఎదురుగా నిలబడ్డ అంపైర్‌కి తప్ప ఎవరికీ తెలిసేది కాదు, టీవీలో చూసేవాడికి అసలే తెలీదు. లీగు వాళ్ళు వచ్చి ఒక్కో రైడ్‌కి, అంటే కూతకి వెళ్ళిన ప్రతిసారికీ, 30 సెకన్ల గడియారం పెట్టారు, అది తెర మీద పరిగెడుతుంటే ఆట రానివాడికి కూడా గుండె వేగం పెరుగుతుంది. రెండు రైడ్లు ఖాళీగా వెళ్తే మూడోది చావో రేవో, పాయింట్ తెచ్చుకోవాలి లేదా బయటికి పోవాలి, దాంతో ఆధిక్యంలో ఉన్న టీమ్ ఊరికే కాలక్షేపం చేసి గెలిచే దారి మూసుకుపోయింది. ముగ్గురో ఇద్దరో మిగిలిన టీమ్ రైడర్‌ని పట్టేస్తే ఒక పాయింట్ ఎక్కువ, కాబట్టి ఓడిపోతున్నవాడికి ఎప్పుడూ ఒక ఆశ. 40 నిమిషాల్లో అయిపోతుంది. మొదటి సీజన్‌లోనే 43 కోట్ల పైచిలుకు మంది చూశారని చెప్పుకున్నారు, ఐపీఎల్ తర్వాత అదే అన్నారు, మట్టిలో ఆడే ఆటకి ఇది మామూలు సంగతి కాదు.

స్టేడియంలో చూస్తే ఇంకా బాగుంటుంది. 2024 అక్టోబర్‌లో పదకొండో సీజన్ గచ్చిబౌలిలోనే మొదలైంది కదా, అప్పుడు వెళ్ళాను. టీవీలో కెమెరా ఎప్పుడూ రైడర్ వెనకే తిరుగుతుంది, పైన స్టాండ్‌లో కూర్చుంటే మాత్రం డిఫెన్స్ కనిపిస్తుంది. కార్నర్‌లో ఉన్నవాడూ వాడి పక్కవాడూ చేతులు పట్టుకుని ఒక అడుగు ముందుకి, ఒక అడుగు వెనక్కి, రైడర్ ఏ కాలు చాపుతాడా అని చూస్తూ అలా ఊగుతూ ఉంటారు, రైడర్ అదనపు పాయింట్ ఇచ్చే బోనస్ లైన్ కోసం కాలు లోపలికి పెట్టిన ఆ అర సెకనులో కార్నర్ వాడు మడమ మీద పడతాడు, వాడు పడ్డాడో లేదో మిగతా నలుగురు మీదకి దూకేస్తారు, మ్యాట్ మీద ఆ దబ్‌మన్న చప్పుడు డీజే పాటలోంచి కూడా వినిపిస్తుంది. తర్వాత తొడ కొట్టడం. ఆ తొడ చప్పుడికి మన జనం అరిచే అరుపు వేరే ఏ ఊళ్ళోనూ ఉండదనుకుంటా, మనకి అది సినిమాల్లోంచి ఒంట్లోకి ఇంకిపోయింది మరి.

ఇంతా అయ్యాక బయటికొస్తే ఏముంది? జెర్సీలు అమ్ముతున్నారు, బుగ్గలకి రంగులు వేస్తున్నారు, పిల్లలు అటూ ఇటూ తిరుగుతూ ఫోన్ ముందు తొడ కొట్టి రీల్స్ చేసుకుంటున్నారు. ఆ ఆవరణలో ఎక్కడో ఒక మూల ఒక మ్యాట్ పరిచి, ఇద్దరు కోచ్‌లని నిలబెట్టి, రండిరా పిల్లలూ ఒక్క రైడ్ వెళ్ళండి, మడమ ఎలా పట్టాలో చూపిస్తాం అని అంటే ఎంత ఖర్చవుతుంది వాళ్ళకి? ఆటగాడికి కోట్లు పెడుతున్నారు, పవన్ సెహ్రావత్‌ని మన టైటాన్స్ రెండు కోట్ల అరవై లక్షలకి కొన్నది, పెట్టాల్సిందే, అతను దానికి తగ్గవాడే. కానీ చూడ్డానికి వచ్చిన పదేళ్ళ పిల్లాడు ఇంటికెళ్ళాక ఏం చేస్తాడన్నది ఎవరి లెక్కలోనూ లేదు.

మా వైపు ఊళ్ళల్లో పరిస్థితి చెప్తాను. మాది పశ్చిమ గోదావరి. గుడి వెనక ఖాళీ జాగాలో ఇసుక కలిపిన మట్టి పోసి, సున్నంతో గీతలు గీసి, వేసవి సెలవులంతా చెడుగుడు ఆడేవాళ్ళం, చొక్కాలు విప్పేసి ఒక ప్రహరీ మీద పెట్టేవాళ్ళం ఎందుకంటే చొక్కా చిరిగితే ఇంటి దగ్గర పడే దెబ్బలు వేరు. ఇప్పుడు ఆ జాగా లేదు, కట్టడం వచ్చేసింది. సంక్రాంతికి టోర్నమెంట్ మాత్రం అవుతుంది, ఇంకా ఘనంగా అవుతుంది, ఫ్లడ్ లైట్లు, యూట్యూబ్ లైవ్, లక్షల్లో ప్రైజ్ మనీ, కానీ ఆడేదెవరు? బయటి జిల్లాల నుంచి, బయటి రాష్ట్రాల నుంచి మాట్లాడుకుని తెచ్చుకున్న ప్లేయర్లు. మా ఊరి కుర్రాళ్ళు కుర్చీలు వేస్తారు, మైక్ సెట్ చూసుకుంటారు, అర్ధరాత్రి దాకా కూర్చుని ఈలలు వేస్తారు. ఊరి పేరుతో టీమ్ ఉంటుంది కానీ ఆ టీమ్‌లో ఊరివాడు ఒక్కడూ ఉండడు. లీగు చేసిన పనే ఊళ్ళోకి కూడా దిగిపోయింది, చూడ్డానికి జనం కావాలి, ఆడటానికి అద్దె మనుషులు చాలు.

లీగువాళ్ళేదో పాపం చేశారని కాదు, వాళ్ళది వ్యాపారం, వాళ్ళు కేబీడీ జూనియర్స్ అని స్కూల్ పిల్లలకి పోటీలు కూడా పెట్టారు, ఆ మాట చెప్పుకోవాలి. 2016లో ఆడవాళ్ళకి మూడు టీమ్‌లతో ఒక చిన్న లీగు నడిపారు, స్టార్మ్ క్వీన్స్ అనే టీమ్ గెలిచింది, ఆ తర్వాత దాని ఊసే లేదు. మన అమ్మాయిలు ఏషియన్ గేమ్స్‌లో 2010లో, 2014లో, హాంగ్‌ఝౌలో మళ్ళీ గోల్డ్ తెచ్చినవాళ్ళు, వాళ్ళ మ్యాచ్‌లకి జనం రారని ఎవరు తేల్చారో నాకు అర్థం కాదు. పన్నెండు సీజన్ల మగవాళ్ళ కబడ్డీ చూసిన ఇంట్లో ఆడపిల్లకి తను ఆడొచ్చన్న సంగతి ఎక్కడి నుంచి తెలియాలి?

బ్యాడ్మింటన్‌ది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. 2013లో లీగు మొదలైంది, మొదటిదే మన హైదరాబాద్ హాట్‌షాట్స్ గెలిచింది, సైనా టీమ్ అది. తర్వాత ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ అని పేరు మార్చారు, 2018లో హైదరాబాద్ హంటర్స్ గెలిచింది, 2020తో ఆ లీగు ఆగిపోయింది. ఇప్పుడు వీధిలోకి వెళ్ళి పీబీఎల్ ఏమైందని అడగండి, సగం మందికి అది ఒకటుండేదని కూడా గుర్తుండదు. కానీ కూకట్‌పల్లిలోనో కొంపల్లిలోనో పొద్దున ఆరింటికి ఇండోర్ కోర్టు ఖాళీ దొరుకుతుందేమో చూడండి, దొరకదు. రేకుల షెడ్డు, లోపల నాలుగు కోర్టులు, ఆకుపచ్చ మ్యాట్, గోడకి ఒక సింధు ఫోటో, బయట బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్న అంకుల్స్, ఊరు ఏదైనా సీన్ ఒక్కటే. విజయవాడలో, గుంటూరులో, వరంగల్‌లో, చిన్న చిన్న టౌన్లలో కూడా వచ్చేశాయి.

ఇది లీగు చేసిన పని కాదు. 2008లో గోపీచంద్ గచ్చిబౌలిలో అకాడమీ పెట్టాడు, 2012లో సైనాకి ఒలింపిక్ కాంస్యం వచ్చింది, 2016లో సింధుకి రియోలో రజతం వచ్చింది, ఆ ఫైనల్ రోజు హైదరాబాద్‌లో పని జరిగిన ఆఫీసు ఉందా అసలు? మర్నాడు తల్లిదండ్రులు పిల్లల్ని చేయి పట్టుకుని కోర్టులకి తీసుకెళ్ళారు, కోర్టులు చాలక షెడ్లు లేచాయి, పిల్లల్ని దింపడానికి వచ్చిన నాన్నలు ఊరికే కూర్చోలేక రాకెట్లు కొనుక్కున్నారు. చూడటం నుంచి ఆడటానికి దారి పడితే ఇంత అవుతుంది. ఆ దారి వేసినవాళ్ళలో టీవీ ఉంది, అకాడమీ ఉంది, అన్నిటికంటే ముందు ఆడటానికి చోటు చూపించిన ఆ షెడ్డు ఓనర్ ఉన్నాడు, అతని పేరు ఏ అవార్డు ఫంక్షన్‌లోనూ వినపడదు.

ఇప్పుడు బాక్స్ క్రికెట్. దీన్ని ఏ బోర్డూ కనిపెట్టలేదు, ఏ ఛానెలూ ప్రమోట్ చేయలేదు, అయినా నా దృష్టిలో ఈ మధ్య మనకొచ్చిన కొత్త ఆటవిడుపుల్లో అసలైనది ఇదే. స్థలం ధర పెరిగేదాకా ప్లాట్ ఖాళీగా ఉంచడం ఎందుకని ఎవడో ఒకడు చుట్టూ వల కట్టి, పైన కూడా వల కప్పి, కింద ప్లాస్టిక్ గడ్డి పరిచి, నాలుగు ఎల్ఈడీ లైట్లు పెట్టాడు. అంతే. రాత్రి పదకొండు నుంచి ఒంటి గంట స్లాట్ కోసం కొట్టుకు చస్తున్నారు. గంటకి వెయ్యి నుంచి పదిహేను వందలు, శని ఆదివారాలైతే ఇంకాస్త, పన్నెండు మంది పంచుకుంటే తలకి ఒక బిర్యానీ కంటే తక్కువే.

దీంట్లో ఉన్న మజా రూల్స్‌లో ఉంది, ఆ రూల్స్ ప్రతి గుంపుకీ వేరు. మా గుంపులో సైడ్ నెట్‌కి డైరెక్ట్‌గా తగిలితే రెండు, బౌలర్ వెనక నెట్‌కి డైరెక్ట్‌గా తగిలితే ఆరు, పడి తగిలితే నాలుగు, పైకప్పుకి తగిలి కిందకొచ్చే బంతి పట్టుకుంటే అవుట్, ఒక పిచ్ పడ్డాక ఒంటి చేత్తో పట్టినా అవుట్. చివరి బ్యాట్స్‌మన్ ఒక్కడే ఆడుకోవచ్చు. ఒక్కొక్కరికి ఒకే ఓవర్, కాబట్టి ఎప్పుడూ బౌలింగ్ రాని ఫైనాన్స్ టీమ్ ఆనంద్ లాంటివాడు కూడా వేయాల్సిందే, వాడు వేసిన ఆరు వైడ్ల దెబ్బకి మ్యాచ్ పోతుంది, మర్నాడు ఆఫీసు కాంటీన్‌లో దాని మీదే చర్చ. వల తగిలిందా లేదా అని అర్ధరాత్రి పన్నెండున్నరకి గొంతు చించుకుని అరుచుకుంటాం, ఎవడి ఫోన్లోనో వీడియో ఉంటే అదే థర్డ్ అంపైర్, ఆ లోపు వాచ్‌మన్ వచ్చి టైమ్ అయిపోయింది సార్ అని లైట్లు ఒక్కొక్కటీ తీసేస్తుంటాడు. ఇంటికెళ్ళి బూట్లు విప్పితే నల్లటి రబ్బరు గుళికలు పిడికెడు రాల్తాయి, మా ఆవిడ వాటిని చూసి ఏం అంటుందో ఇక్కడ రాయలేను. బాగా ఆడాలన్న ఒత్తిడి లేదు, సెలెక్షన్ లేదు, పొట్ట ఉన్నా పర్లేదు, పరుగు తీసేదే ఇరవై అడుగులు. చిన్నప్పుడు వీధిలో ఆడిన క్రికెట్‌కి వల కట్టి అద్దెకిస్తున్నారని ఎగతాళి చేసేవాళ్ళున్నారు, నిజమే కావచ్చు, కానీ ఆ వీధిలో ఇప్పుడు కార్లు పార్క్ చేసున్నాయి కదండీ, ఎక్కడ ఆడమంటారు.

అయితే దీంట్లోనూ ముల్లు ఉంది. నెలకి నాలుగైదు సార్లు పన్నెండు మంది ఉద్యోగస్తులు డబ్బులు వేసుకుంటే సరిపోయింది, మరి ఆ టర్ఫ్ పక్క సందులోనే ఉండే ఇంటర్ కుర్రాళ్ళు వల బయట నిలబడి చూస్తుంటారు. మేం ఆడుతుంటే బంతి బయటికి పోతే తెచ్చిస్తారు. మాకంటే బాగా ఆడతారని ఆ విసిరే విసురులోనే తెలిసిపోతుంది. ఒకటి రెండు సార్లు తక్కువ పడితే లోపలికి పిలిచాం, మా బౌలింగ్‌ని ఉతికి ఆరేశారు. అంటే ఇక్కడా ఆడగలిగినవాడు బయట, డబ్బున్నవాడు లోపల.

స్ట్రీట్ ప్రీమియర్ లీగ్ వాళ్ళకి ఈ సంగతి తెలిసే మొదలుపెట్టారేమో, టెన్నిస్ బంతి, పది ఓవర్లు, వీధుల్లో ఆడేవాళ్ళని ట్రయల్స్‌కి పిలిచి ఎంచుకోవడం, సచిన్ లాంటి మనిషి వెనక ఉండటం, హైదరాబాద్ టీమ్‌కి రామ్ చరణ్ ఓనర్. వీధి కుర్రాడికి స్టేడియం దక్కింది, డబ్బు దక్కింది, అది మంచిదే, నేను కాదనను. కానీ మొదటి సీజన్ మొత్తం ఠాణేలో ఒక్క స్టేడియంలో పెట్టి టీవీలో చూపించారు. వీధి ఆటని కూడా చివరికి సోఫాలో కూర్చుని చూసేలా చేయడం అంటే మామూలు తెలివి కాదు మరి! హైదరాబాద్ పేరు పెట్టుకున్న టీమ్ హైదరాబాద్ వీధుల్లో ఒక టోర్నమెంట్ పెట్టి, గెలిచినవాళ్ళకి మ్యాచ్ టికెట్లిచ్చి, నాలుగు బస్తీల్లో నాలుగు వలలు కట్టిస్తే ఆ టీమ్‌కి జన్మలో అభిమానుల కొరత ఉండదు.

అభిమాని చేత ఆడిస్తాం అని ఇంకొకళ్ళు చాలా గట్టిగా చెప్పారు, అదే ఫాంటసీ యాప్‌లు. వంద క్రెడిట్లలో పదకొండు మందిని ఎంచుకో, కెప్టెన్‌కి రెట్టింపు పాయింట్లు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర రెట్లు, నలభై తొమ్మిది రూపాయలు కట్టు, కోటి గెలువు. డ్రీమ్11 అయితే 2020లో ఐపీఎల్ టైటిల్ స్పాన్సరైపోయింది, 2023లో ఇండియా జెర్సీ మీదకే ఎక్కింది. తెలంగాణలో 2017లోనే, ఆంధ్రాలో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు, కాబట్టి చట్టప్రకారం మనవాళ్ళు దీనికి దూరం. చట్టప్రకారం అన్నాను. లొకేషన్ మార్చే యాప్ వేసుకుని బెంగళూరులో ఉన్నట్టు చూపించి ఆడినవాళ్ళు మా ఆఫీసులోనే ఉన్నారు, ఒక కుర్రాడు ఏదో ఒక యాప్‌లో మూడు నెలల జీతం పోగొట్టుకుని చివరికి బండి అమ్ముకున్నాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి చట్టం తెచ్చింది, రెండు రోజుల్లో రెండు సభలూ దాటేసింది, డబ్బు ఆటలు ఆగాయి, ఆసియా కప్‌లో మన టీమ్ స్పాన్సర్ పేరు లేని జెర్సీతో ఆడింది.

నిషేధం సరైనదేనా కాదా అన్నది పెద్ద చర్చ, దొంగదారి యాప్‌లు ఇంకా పెరుగుతాయన్న భయం నాకూ ఉంది. కానీ ఆటకి అది చేసిన చెరుపు గురించి ఎవరూ మాట్లాడరు. డబ్బు పెట్టినవాడు మ్యాచ్ చూసే తీరు గమనించారా మీరెప్పుడైనా? ఇండియా గెలుస్తున్నా మొహం వేలాడేసుకుని కూర్చుంటాడు ఎందుకంటే వాడి కెప్టెన్ డకౌట్. చివరి ఓవర్లో పది పరుగులు కావాలి అని అందరం నిలబడి అరుస్తుంటే వీడు ఫోన్లో ర్యాంక్ చూసుకుంటుంటాడు. చూసే ఆనందాన్ని కూడా లాగేసుకుంది, ఆడిన తృప్తి ఎలాగూ ఇవ్వదు, రెంటికీ చెడ్డ రేవడి. బొటనవేలు తప్ప ఒంట్లో ఇంకేదీ కదలని దాన్ని ఆట అని అమ్మారు, అంతమంది కొన్నారంటే ఆడాలన్న ఆకలి జనంలో ఎంత ఉందో అర్థం చేసుకోవాలి. ఆ ఆకలికి సరైన తిండి పెట్టినవాళ్ళు లేరు, అదీ బాధ.

పికిల్‌బాల్ ఎందుకింత తొందరగా పాకిందో కూడా ఈ లెక్కలోనే చూడాలి. ఇది 1965లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక దీవిలో, సెలవుల్లో పిల్లలకి ఏం తోచట్లేదంటే పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్న సామాన్లతో కల్పించిన ఆట. పాత బ్యాడ్మింటన్ కోర్టే, అదే 44 అడుగుల పొడవు 20 అడుగుల వెడల్పు, నెట్ కిందికి దించారు, చెక్క బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతి. సర్వీస్ నడుం కిందనుంచి వేయాలి కాబట్టి ఎవడూ మొదటి దెబ్బకే చంపేయలేడు, సర్వీస్ అయ్యాక రెండు వైపులా మొదటిసారి మాత్రం బంతి కింద పడ్డాకే కొట్టాలి, నెట్ దగ్గర ఏడు అడుగుల మేర నిలబడి గాల్లో ఉన్న బంతిని కొట్టకూడదు, దాన్ని కిచెన్ అంటారు, పొడుగ్గా బలంగా ఉన్నవాడు నెట్ మీద పడి స్మాష్‌లు కొట్టకుండా ఈ ఏడు అడుగులు ఆపేస్తాయి. పదకొండు పాయింట్లకి గేమ్. మా అపార్ట్‌మెంట్ పక్కన కోర్టులో అరవై దాటిన దంపతులు వాళ్ళ కోడలితో, పక్కింటి డిగ్రీ అమ్మాయితో కలిసి ఆడుతుంటారు, ఆ మామగారు కిచెన్‌లో కాలు పెట్టిన ప్రతిసారీ కోడలు ఫాల్ట్ అని అరుస్తుంది, ఆయన ఒప్పుకోడు, అత్తగారు మాత్రం కోడలి వైపే. ఏ లీగులో చూస్తాం ఇలాంటిది!

బ్యాడ్మింటన్ వాళ్ళు దీన్ని చూసి ముక్కు విరుస్తారు, ఇదీ ఒక ఆటేనా అంటారు. టెన్నిస్ వాళ్ళు అసలు మాట్లాడరు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి ఆ టక్ టక్ చప్పుడు నరకం, ఆ ఫిర్యాదు న్యాయమైందే, రాత్రి పదకొండింటికి బెడ్‌రూమ్ కిటికీ పక్కన ఆ చప్పుడు వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఒక్కొక్క బ్యాటూ ఐదారు వేలు పెట్టి కొంటున్నారు, అదొక ఫ్యాషన్. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా చెప్తాను, చూడ్డానికి ఇది ఏమంత గొప్ప ఆట కాదు, నెట్ దగ్గర నలుగురు నిలబడి బంతిని మెల్లగా అటూ ఇటూ వేసుకుంటుంటే టీవీలో పది నిమిషాలకి నిద్రొస్తుంది. దాని లీగులు నిలబడతాయో లేదో నాకు పట్టింపు లేదు. మొదటి రోజే అరగంటలో ఆడేయగలగడం, అత్తా కోడళ్ళు ఒకే కోర్టులో ఉండగలగడం, దానికది చాలు. కబడ్డీకి ఉన్న సెలబ్రిటీలు, కెమెరాలు లేకుండానే ఇది జనాన్ని కోర్టులోకి దింపింది.

మరి చవకగా, అందరికీ అందేలా ఎవరు చేయాలి అంటే ప్రభుత్వం అంటాం. చేయలేదనీ కాదు. తెలంగాణలో 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణం అన్నారు, వాలీబాల్ పోల్స్, ఖోఖో స్తంభాలు, కబడ్డీ కోర్టు, లాంగ్ జంప్ గుంట, ముందు పెద్ద ఆర్చి బోర్డు. చాలా చోట్ల బోర్డు మిగిలింది, కోర్టులో పిచ్చి మొక్కలు మొలిచాయి, కొన్నిచోట్ల అసలు ఊరికి కిలోమీటరు దూరంలో శ్మశానం పక్కన ఇచ్చారు, చీకటి పడ్డాక ఎవడెళ్తాడు అక్కడికి. ఆంధ్రాలో 2023 డిసెంబర్‌లో ఆడుదాం ఆంధ్ర పెట్టారు, క్రికెట్, వాలీబాల్, బ్యాడ్మింటన్, కబడ్డీ, ఖోఖో, సచివాలయం స్థాయి నుంచి మొదలెట్టి ఫిబ్రవరిలో వైజాగ్‌లో ఫైనల్స్. కిట్ల మీద, ఖర్చుల మీద వచ్చిన గొడవలు అందరికీ తెలిసినవే, ఆ రాజకీయం జోలికి నేను పోను. కానీ సచివాలయానికి సచివాలయానికి మధ్య మ్యాచ్ అనేసరికి చీర కొంగు దోపుకుని కబడ్డీకి దిగిన ఆడవాళ్ళని నేను కళ్ళారా చూశాను, పెళ్ళయ్యాక మొదటిసారి ఆడుతున్నామని నవ్వుకుంటూ చెప్పారు. చోటిచ్చి, తారీఖు చెప్పి, ఎదుటి టీమ్‌ని చూపిస్తే చాలు, మనవాళ్ళు ఆడతారు. ఫైనల్స్ అయిపోయాయి, మళ్ళీ ఎవరిళ్ళకి వాళ్ళు.

ఏటా ఒకసారి వచ్చే జాతరల వల్ల పని జరగదు. ప్రతి వారం ఉండాలి. సర్కారు బడుల గ్రౌండ్లు సాయంత్రం ఐదు తర్వాత తాళాలు వేసి ఉంటాయి, ఎందుకంటే కిటికీ అద్దాలు పగుల్తాయని, తాగుబోతులు చేరతారని హెడ్మాస్టారి భయం, ఆయన భయంలో తప్పు లేదు, ఏదన్నా అయితే మెమో ఆయనకే వస్తుంది. ఒక కాపలా మనిషికి జీతం, రెండు లైట్లు, వారానికొకసారి గీతలు గీసే సున్నం బస్తా. పెద్ద టీమ్‌కి ఒక్క ఆటగాడి వేలం డబ్బులో ఇది మూలకి కూడా రాదు. ఖోఖోకైతే రెండు స్తంభాలు చాలు. 2022లో అల్టిమేట్ ఖోఖోలో తెలుగు యోధాస్ ఫైనల్ దాకా వెళ్ళి ఒడిశా చేతిలో ఒక్క పాయింట్‌తో ఓడింది, 2025 జనవరిలో ఢిల్లీలో మన అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ ప్రపంచకప్ గెలిచారు, ఆ వారంలో ఎన్ని స్కూళ్ళలో రెండు స్తంభాలు కొత్తగా పాతారో ఎవరైనా చెప్పగలరా. వాలీబాల్ లీగు మొదటి సీజన్ మొత్తం గచ్చిబౌలిలోనే జరిగింది, కోవిడ్ వల్ల కొచ్చి నుంచి ఇక్కడికి మార్చారు, సెట్టు 15 పాయింట్లకి కుదించి, రెండు పాయింట్ల విలువ చేసే సూపర్ పాయింట్ పెట్టి భలే రసవత్తరంగా చేశారు, ఆ 15 పాయింట్ల సెట్టు మన ఊళ్ళల్లో సాయంత్రం అరగంట ఆడుకోవడానికి సరిగ్గా సరిపోతుంది, ఆ రూల్ కాగితాన్ని తెలుగులో అచ్చేసి బడులకి పంచిన పాపాన పోలేదు ఎవరూ.

సరే, ఎవరో చేస్తారని కూర్చోకుండా ఈ సంక్రాంతికి మా ఊళ్ళో మేమే ఒకటి పెట్టుకుంటున్నాం. పెద్ద టోర్నమెంట్ దారిన అది జరుగుతుంది, అది కాకుండా కనుమ రోజు పొద్దున కోసిన చేలో, బయటి ప్లేయర్లు లేకుండా, ఊళ్ళో పుట్టినవాళ్ళు, ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు, అల్లుళ్ళు, ఐదుగురితో టీమ్, పది నిమిషాల ఆట. ప్రైజ్ మనీ లేదు, గెలిచిన టీమ్‌కి ఓడినవాళ్ళు మధ్యాహ్నం వడ్డించాలి. రూల్స్ మీద వాట్సాప్ గ్రూప్‌లో నెల నుంచి యుద్ధం నడుస్తోంది. మూడో రైడ్ చావో రేవో పెట్టాలని నేనంటున్నా, అది పెడితే నలభై దాటిన మోకాళ్ళకి ఎవరు పూచీ అని మా బావ అంటున్నాడు. గడియారం వద్దు, కూతే ఉండాలి, ఊపిరి ఆగితే అవుట్ అని మా పెదనాన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఆయన సిగరెట్లు మానేసి ఆర్నెల్లే అయింది మరి ఏ ధైర్యంతో అన్నాడో. ఆడవాళ్ళ టీమ్‌లు మాత్రం రెండు అప్పుడే ఫిక్సయిపోయాయి, మా చెల్లెలు రైడర్, దాని తోడికోడలు కార్నర్‌లో.